లేజర్ ఎన్‌గ్రేవర్ కెమెరా పదార్థాన్ని సరిగ్గా గుర్తించకపోతే ఏం చేయాలి

లేజర్‌తో చెక్కే, కోసే యంత్రపు బెడ్ (ముక్కను పెట్టే తలం) మీద ప్లైవుడ్ ముక్క పెట్టి మూత వేసిన తరువాత తెరపై దాని చిత్రం వస్తుంది గాని, సాఫ్ట్‌వేర్ మాత్రం పదార్థమేదీ లేదని చెబుతుంది. ఇంకోసారి ముక్క కనబడుతుంది, అయితే ప్లైవుడ్‌ను తోలు అనో అట్ట అనో పేర్కొంటుంది. మరోసారి పేరూ అంచులూ సరిగ్గానే పట్టుకుని, తీరా చెక్కే సమయానికి గీతను అంచు దాటించి తేనెపట్టులాంటి గళ్లున్న హనీకోంబ్ బెడ్ మీద వేస్తుంది. వాడేవారు చాలామంది ఈ మూడింటినీ “కెమెరా పాడైంది” అన్న ఒక్క మాటతో తేల్చేసి, వెంటనే కాలిబ్రేషన్‌కు, అంటే కెమెరా చిత్రాన్ని యంత్రం కొలతలతో మళ్లీ పొందించే పనికి, దిగుతారు. కాలిబ్రేషన్ అన్నిటికన్నా చివర చేయవలసిన పని. కారణం తెలియకుండా దాన్ని కదిలిస్తే అంతవరకు సరిగ్గా ఉన్న కొలతలు కూడా చెదిరిపోతాయి. ఆ తరువాత మొదటి నుంచీ ఉన్న లోపం ఏదో, మనం కొత్తగా తెచ్చుకున్నది ఏదో విడదీయడం కష్టమవుతుంది. అందుకే ముందు చిత్రాన్ని, తరువాత వెలుతురును, ఆపైన ఎత్తును చూసుకుని, అవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే కాలిబ్రేషన్ దగ్గరకు రావాలి.

1. లోపం ఏ పనిలో ఉందో ముందు తేల్చుకోండి

కెమెరాతో పదార్థాన్ని గుర్తించడం అనే పేరు కింద యంత్రం మూడు పనులు చేస్తుంది. ముక్క బెడ్ మీద ఎక్కడుందో, దాని అంచులు ఏవో చూడటం మొదటిది. అది ఏ పదార్థమో తెలుసుకోవడం రెండవది. దాని పైతలం ఎంత ఎత్తులో ఉందో కొలవడం మూడవది. అంచులను పట్టుకోవడం బెడ్‌కూ ముక్కకూ మధ్య రంగులో, వెలుగులో ఉండే తేడా మీద ఆధారపడుతుంది. పదార్థం పేరు కొన్ని యంత్రాలకు షీట్‌పై ముద్రించిన కోడ్ ద్వారా తెలుస్తుంది. గ్లోఫోర్జ్ అనే కంపెనీ యంత్రం ఆ కంపెనీ ప్రూఫ్‌గ్రేడ్ షీట్లను గుర్తించేది ఇలాగే. మరికొన్ని యంత్రాలు చిత్రాన్ని తమ దగ్గరున్న నమూనాలతో పోల్చి ఊహిస్తాయి. ఎత్తు సంగతికి వస్తే, ఏటవాలుగా వేసిన చిన్న లేజర్ చుక్క చిత్రంలో ఎక్కడ పడిందో చూసి లెక్కగట్టేవి ఉన్నాయి, ప్రోబ్‌తో తాకి కొలిచేవి ఉన్నాయి, మీరు టైపు చేసిన అంకెనే నమ్మేవీ ఉన్నాయి. మీ యంత్రం వీటిలో ఏ పద్ధతిని వాడుతుందో మాన్యువల్ చూసి తెలుసుకోకుండా ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. మెరుపు లేని, వంకర లేని, బెడ్ రంగుకు స్పష్టంగా భిన్నంగా ఉండే అరచేయంత అట్టముక్కను బెడ్ మధ్యలో పెట్టి, లేజర్ నడపకుండా కెమెరా చేత గుర్తింపజేయండి. అట్టముక్క అంచులు సరిగ్గా దొరికితే కెమెరా పనిచేస్తున్నట్టే. మీ ఇబ్బంది అసలు పదార్థంలోనో వెలుతురులోనో ఉంది కాబట్టి మూడవ మెట్టుకు వెళ్లవచ్చు. అదీ దొరకకపోతే చిత్రం దగ్గరే తేడా ఉంది.

2. తెరపై ఉన్నది ఇప్పటి చిత్రమేనా, శుభ్రమైన చిత్రమేనా చూడండి

వైఫై ద్వారా నడిచే యంత్రాలలో తరచుగా ఎదురయ్యే సంగతి ఒకటుంది: తెరపై కనబడుతున్నది కొంతసేపటి కిందటి చిత్రం అయివుంటుంది. ముక్కను కాస్త తిప్పి పెట్టి, మూత వేసి, చిత్రాన్ని రిఫ్రెష్ చేయండి. తెరపై ముక్క తిరగకపోతే కనెక్షన్ సంగతి చూడాలి గాని గుర్తింపు సంగతి కాదు. యూఎస్‌బీ కెమెరా అయితే కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కు కెమెరా అనుమతి ఇచ్చారో లేదో, వీడియో కాల్ వంటి వేరే ప్రోగ్రామ్ కెమెరాను పట్టుకుని కూర్చుందేమో చూడండి. పొడవు కోసం తగిలించిన ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ను కూడా అనుమానించవచ్చు, యూఎస్‌బీ 2.0 ప్రమాణంలో మామూలు కేబుల్‌కు గరిష్ఠ పొడవు 5 మీటర్లు.

చిత్రం ఒకసారి వచ్చి ఒకసారి నల్లబడుతుంటే మూత కీలు దగ్గరి వైరును చూడండి. మూత తెరిచి మూసిన ప్రతిసారీ ఆ వైరు వంగుతుంది, ఏళ్ల తరబడి వంగి వంగి లోపల తెగుతుంది. మూతను మెల్లగా ఎత్తుతూ దించుతూ చిత్రం ఏ కోణంలో పోతోందో గమనిస్తే విషయం తేలుతుంది. దీనికోసం మూత తెరిస్తే లేజర్‌ను ఆపేసే ఇంటర్‌లాక్ స్విచ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ మోసగించవద్దు. ఈ పరీక్షకు లేజర్ అవసరం అసలే లేదు.

చిత్రం వస్తోంది గాని పాలు కలిపినట్టు తెల్లగా, అంచులు అలికినట్టుగా ఉంటే కెమెరా అద్దం మీద పొగ పేరుకుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) కోసినప్పుడు లేచే పొగలో జిగురు, బంక ఉంటాయి. అవి కంటికి కనబడని పలుచని పొరగా అతుక్కుంటాయి. యంత్రాన్ని ఆపి, ముందు గాలితో దుమ్ము ఊది, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే దుమ్ము రేణువులే అద్దాన్ని గీస్తాయి. కెమెరాకు వాడిన గుడ్డను లేజర్ లెన్స్‌కు వాడకండి. అద్దం మళ్లీ మళ్లీ మసకబారుతుంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్, దాని గొట్టం మూసుకుపోయాయేమో చూడాలి. తుడవడం అక్కడ తాత్కాలికమే.

3. వెలుతురును సరిచేయండి

కెమెరా తన ఎక్స్‌పోజర్‌ను (లోపలికి తీసుకునే వెలుగును) మొత్తం చిత్రం సగటు వెలుగును బట్టి సర్దుకుంటుంది. కిటికీ నుంచి ఒక మూల ఎండ పడితే ఆ మూలను సర్దడానికి మిగతా చిత్రాన్ని చీకటి చేస్తుంది, అక్కడున్న వాల్‌నట్ పలక నల్లటి బెడ్‌లో కలిసిపోతుంది. పొద్దున పనిచేసిన గుర్తింపు మధ్యాహ్నం పనిచేయకపోతే మొదట అనుమానించవలసినది ఇదే. యంత్రం మూత మీద ముదురు రంగు గుడ్డ కప్పి, లోపలి ఎల్‌ఈడీ దీపాల వెలుగులో మాత్రమే చిత్రం తీసి చూడండి. తేడా కనబడితే యంత్రాన్ని కిటికీకి దూరంగా జరపడమే శాశ్వత పరిష్కారం. పరీక్ష అయ్యాక, లేజర్ నడిపే ముందు, ఆ గుడ్డను తప్పక తీసేయండి. నారింజ లేదా ఆకుపచ్చ మూత ఉన్న యంత్రాలలో గది వెలుతురు ఆ రంగులోంచి వడకట్టబడి లోపలికి వస్తుంది కనుక, రంగు ఆధారంగా పదార్థాన్ని ఊహించే సాఫ్ట్‌వేర్ అక్కడ మరింత తడబడుతుంది. చిత్రంలో అడ్డంగా నల్లని పట్టీలు కదులుతుంటే అది దీపాల మినుకు. గది దీపం ఆర్పి చూడండి, పట్టీలు పోతే కెమెరాలో తప్పు లేదు.

పదార్థం స్వభావం కూడా అంతే ముఖ్యం. పారదర్శకమైన యాక్రిలిక్ వేస్తే కెమెరాకు కనబడేది కింద ఉన్న హనీకోంబ్ గళ్లే. అద్దం పూత ఉన్న షీట్‌లో మూత లోపలి దీపాలు ప్రతిబింబించి తెల్లటి మచ్చలవుతాయి, సాఫ్ట్‌వేర్ ఆ మచ్చలను అంచులనుకుంటుంది. తెల్ల యాక్రిలిక్ తళతళలాడే కొత్త అల్యూమినియం బెడ్ మీద అంచు కోల్పోతుంది. వీటన్నింటికీ ఒకే ఉపాయం ఉంది: షీట్‌కు కంపెనీ వేసిన కాగితపు పొరను తీయకుండా ఉంచండి, అది లేకపోతే నాలుగు అంచుల వెంట మాస్కింగ్ టేప్ అంటించండి. టేప్ అంటించిన చోట చెక్కవలసి వస్తే అంచులు దొరికాక దాన్ని తీసేయండి, తీసేటప్పుడు ముక్క కదలకూడదు. లేదా టేప్ మీదుగానే చెక్కి, పవర్‌ను అందుకు తగ్గట్టు ముందే వేరే ముక్కపై పరీక్షించుకోండి. ముక్కను పట్టి ఉంచే పిన్నులు, అయస్కాంతాలు కూడా చిత్రంలో ముక్కలో భాగంగా కనబడి అంచును వంకర చేస్తాయి కనుక వాటిని అంచుకు ఆనించి పెట్టవద్దు.

4. ఎత్తు: ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే

మూతకు అమర్చిన కెమెరా బెడ్ మొత్తాన్ని ఒకే చోటి నుంచి, వెడల్పు కోణంలో చూస్తుంది. దానికి సరిగ్గా కింద ఉన్న బిందువు తప్ప మిగతా బెడ్ అంతా ఏటవాలుగానే కనబడుతుంది. అందువల్ల ముక్క ఎంత మందంగా ఉంటే దాని పైతలం చిత్రంలో అంత బయటికి, అంటే కేంద్రం నుంచి దూరంగా జరిగినట్టు కనబడుతుంది. టేబుల్ మీద అక్కడక్కడ నిలబెట్టిన గ్లాసులను సరిగ్గా పైనుంచి ఫోటో తీస్తే మూలలలోని గ్లాసులు బయటికి వాలినట్టు కనబడతాయే, అదే సంగతి. సాఫ్ట్‌వేర్‌కు మందం తెలిస్తే ఈ జరుగుడును లెక్కగట్టి వెనక్కి లాగుతుంది. తెలియకపోతే చిత్రాన్ని ఉన్నదున్నట్టు నమ్ముతుంది.

ఎంత తేడా వస్తుందో లెక్కవేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కెమెరా బెడ్‌కు 300 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. దాని నిట్టనిలువు కింది బిందువు నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో 10 మిల్లీమీటర్ల మందం గల పలకపై ఒక గుర్తు ఉంది. ఆ గుర్తు చిత్రంలో ఎంత జరుగుతుందంటే, 200ను 10తో గుణించి, కెమెరాకూ పలక పైతలానికీ మధ్య ఉన్న 290తో భాగించాలి, దాదాపు 6.9 మిల్లీమీటర్లు వస్తుంది. అదే చోట 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఉండి, మీరు మందం గడిలో సున్నా వదిలేస్తే తేడా సుమారు 2 మిల్లీమీటర్లు. కీచైన్ అంచు వెంట గీత వేయాలనుకున్నవారికి 2 మిల్లీమీటర్లు చాలు, ముక్క పనికిరాకుండా పోవడానికి. బెడ్ మధ్యలో మాత్రం తేడా సున్నా. అందుకే మధ్యలో పెట్టి పరీక్షించినవారు అంతా బాగుందనే భ్రమలో ఉంటారు.

కాబట్టి మందాన్ని షీట్‌పై ముద్రించిన అంకెను బట్టి వేయకుండా వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి వేయండి; 3 మిల్లీమీటర్లని అమ్మే ప్లైవుడ్ కచ్చితంగా అంతే ఉండాలని లేదు. ప్లైవుడ్ వంగి ఉంటే కాలిపర్ చెప్పే మందం ఒకటి, మధ్యలో పైతలం ఉండే ఎత్తు మరొకటి. అటువంటి షీట్‌ను హనీకోంబ్ పిన్నులతో అదిమి చదును చేయండి, పిన్నుల తలలు లేజర్ హెడ్‌కు తగలనంత కిందికి ఉండాలి. బెడ్ తీసేసి పని చేస్తున్నా, కింద ఎత్తు దిమ్మలు పెట్టినా, ఆ మార్పును సాఫ్ట్‌వేర్‌లో చెప్పవలసిందే.

యంత్రం ఎత్తును లేజర్ చుక్కతో కొలిచే రకమైతే మరో జాగ్రత్త అవసరం. ఆ చుక్క పారదర్శక యాక్రిలిక్‌లోంచి కిందికి దిగిపోతుంది, అద్దం మీద పడితే వేరే దిక్కుకు పోతుంది, హనీకోంబ్ రంధ్రంలో పడితే బెడ్ కింది పళ్లెం ఎత్తును చెబుతుంది. కొలిచే చోట చిన్న కాగితం ముక్క అంటించి మళ్లీ కొలవండి. మామూలు కాగితం మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరే కనుక ఫలితం చెడదు. వచ్చిన అంకెను మీ కాలిపర్ కొలతతో పోల్చి, రెండూ కలవనప్పుడు కాలిపర్‌నే నమ్మండి.

5. గుర్తు ఎటు జరిగిందో చూసి కారణం కనిపెట్టండి

మందం సరిచేశాక కూడా గీత తప్పు చోట పడుతుంటే ఈ పరీక్ష చేయండి. పెద్ద చదునైన వృథా పలక మీద మధ్యలో ఒకటి, నాలుగు మూలల దగ్గర నాలుగు పెన్సిల్‌తో కూడిక గుర్తులు గీయండి. తెరపై ఆ గుర్తుల మీద సరిగ్గా అవే ఆకారాలు పెట్టి, తక్కువ పవర్‌తో చెక్కించండి. మూత లేని డయోడ్ యంత్రమైతే (చిన్న సెమీకండక్టర్ లేజర్‌తో నడిచేది) ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు తప్పనిసరి. సుమారు 450 నానోమీటర్ల నీలి డయోడ్‌కు పనికివచ్చే కళ్లద్దాలు 10,600 నానోమీటర్ల సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పనిచేసే) లేజర్‌కు పనికివస్తాయని అనుకోకూడదు.

మధ్యలో సరిగ్గా పడి, మూలలలో కాలిన గుర్తులు పెన్సిల్ గుర్తులకన్నా బయటికి పడితే, మీరు చెప్పిన మందం అసలు ఎత్తుకన్నా తక్కువ. లోపలికి పడితే ఎక్కువ. అయిదు గుర్తులూ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగితే కెమెరాకూ యంత్రానికీ మధ్య పొందిక తప్పిందనో, హోమింగ్ (యంత్రం తన ప్రారంభ స్థానాన్ని వెతికి పట్టుకోవడం) తప్పుతోందనో అర్థం. ఒక పక్క సరిగ్గా ఉండి ఎదుటి పక్కకు పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే బెడ్ ఒక వైపుకు వాలి ఉంది, లేదా మూత పూర్తిగా కూర్చోక కెమెరా వంకరగా చూస్తోంది. ఉక్కు స్కేలును బెడ్ అంచున పెట్టినప్పుడు అది తెరపై విల్లులా వంగి కనబడితే లెన్స్ వంపును సరిదిద్దే సమాచారం పోయింది. రెండు కారణాలు కలిసి ఉండటం కూడా మామూలే; అప్పుడు ఎత్తును ముందు, వాలును తరువాత సరిచేసి, పరీక్ష మళ్లీ చేయండి.

ఒకే దిక్కుకు జరిగిన సందర్భంలో కెమెరాను నిందించే ముందు హోమింగ్‌ను పరీక్షించాలి. ఒక నిర్దిష్ట స్థానంలో చిన్న గుర్తు చెక్కించి, హోమింగ్ చేసి, అదే స్థానంలో మళ్లీ చెక్కించండి. యంత్రాన్ని ఆపి, తిరిగి వేసి, మూడోసారి చెక్కించండి. మూడూ ఒకదానిపై ఒకటి పడకపోతే బెల్ట్ వదులయింది, పుల్లీని ఇరుసుకు బిగించే గ్రబ్ స్క్రూ జారుతోంది, లేదా హెడ్ చివరికి చేరిందని చెప్పే లిమిట్ స్విచ్ నమ్మదగ్గ స్థితిలో లేదు. అవి సరికాకుండా ఎన్నిసార్లు కాలిబ్రేషన్ చేసినా మరునాటికి మళ్లీ తప్పుతుంది.

6. అప్పటికీ అవసరమైతే కాలిబ్రేషన్

లైట్‌బర్న్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఇది రెండు భాగాలు. లెన్స్ కాలిబ్రేషన్ కెమెరా అద్దం తెచ్చే వంపును సరిదిద్దుతుంది. ముద్రించిన నమూనా కాగితాన్ని కెమెరా ముందు వేర్వేరు చోట్ల పెట్టి చిత్రాలు తీయాలి. అలైన్‌మెంట్ ఆ చిత్రాన్ని యంత్రం కొలతలకు ముడివేస్తుంది. యంత్రం చెక్కిన నాలుగు గుర్తులను మీరు తెరపై చూపించాలి. కెమెరా గాని, దాని రిజల్యూషన్ గాని మారితే తప్ప మొదటి దాన్ని మళ్లీ చేయనక్కరలేదు. కెమెరా కదిలినా, మూత కీలు బిగించినా, ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తరువాత గుర్తులు జరిగినా రెండవది చాలు.

నమూనా కాగితాన్ని ప్రింటర్‌లో పేజీకి సరిపోయేలా కుదించకుండా అసలు పరిమాణంలోనే ముద్రించి, గట్టి అట్టకు ముడతలు లేకుండా అంటించండి. అలైన్‌మెంట్‌కు వాడే పలక మందాన్ని ముందే సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి. గుర్తులు చెక్కిన తరువాత చిత్రం తీసేవరకు పలక వెంట్రుకవాసి కూడా కదలకూడదు, లేజర్ హెడ్ ఏ గుర్తునూ కప్పకూడదు. మూత కెమెరా అయితే రోజూ పని చేసేటప్పుడు మూత ఏ స్థితిలో ఉంటుందో చిత్రం తీసేటప్పుడు కూడా అదే స్థితిలో ఉండాలి.

7. పదార్థం పేరును తప్పుగా చెబుతుంటే

కోడ్ చదివే యంత్రమైతే కోడ్ పైకి ఉందా, గీతలు పడిందా, పొగ మరకలు పట్టిందా, దాని మీద దీపం మెరుపు పడుతోందా అని చూడండి. షీట్‌ను కోసేటప్పుడు కోడ్ ఉన్న మూలను చివరి వరకు మిగుల్చుకోవడం మంచి అలవాటు. కోడ్ పోయిన షీట్‌కు జాబితాలోంచి పేరు మీరే ఎంచుకోవచ్చు, అందులో నష్టమేమీ లేదు. ఎందుకంటే ఆ పేరు తెచ్చిపెట్టేది పవర్, వేగం వంటి ముందస్తు అంకెలను మాత్రమే. పాతబడిన లేజర్ ట్యూబు, మురికిపట్టిన లెన్స్, తేమ పట్టిన ప్లైవుడ్ సంగతి ఆ అంకెలకు తెలియదు, కాబట్టి వృథా ముక్కపై చిన్న పరీక్ష ఎలాగూ చేయాలి.

చిత్రాన్ని బట్టి ఊహించే యంత్రం చెప్పే పేరును నేనైతే సలహాగా మాత్రమే తీసుకుంటాను. చెక్క బొమ్మ ముద్రించిన ఎండీఎఫ్‌కూ నిజమైన చెక్కకూ కెమెరా కంటికి తేడా లేదు. అంతకన్నా ప్రమాదకరమైన జంటలు ఉన్నాయి. పీవీసీ షీట్ యాక్రిలిక్‌లా కనబడుతుంది, పీవీసీ పూత ఉన్న రెగ్జిన్ తోలులా కనబడుతుంది. పీవీసీని లేజర్‌తో కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది ఊపిరితిత్తులకు హానికరం, యంత్రం లోపలి లోహ భాగాలను తుప్పు పట్టిస్తుంది. పాలీకార్బొనేట్ కూడా యాక్రిలిక్‌లాగే ఉంటుంది గాని కోయబోతే పసుపు, గోధుమ రంగుకు తిరిగి మసి కక్కుతుంది. పారదర్శక యాక్రిలిక్‌ను సరిగ్గా గుర్తించినప్పుడు కూడా యంత్రం రకం గుర్తుంచుకోవాలి: సీఓ2 లేజర్ దాన్ని కోస్తుంది, నీలి డయోడ్ కాంతి దానిలోంచి దూరి కింద ఉన్నదాన్ని కాలుస్తుంది.

అమ్మినవారు పదార్థం పేరు రాసి ఇవ్వని ప్లాస్టిక్‌కు రాగి తీగ పరీక్ష చేయవచ్చు. ఆరుబయట, పటకారుతో పట్టుకున్న రాగి తీగ కొనను మంటకు రంగు రావడం ఆగేవరకు కాల్చి, ఆ వేడి కొనను ప్లాస్టిక్‌కు తాకించి, అంటుకున్న దానితో మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ వంటి హాలోజన్ ఉంది; ఆ షీట్‌ను లేజర్ దగ్గరకు తీసుకురావద్దు, కెమెరా దానికి ఏ పేరు పెట్టినా సరే.

8. ఏదీ కుదరనప్పుడు పని ఆగకుండా

గుర్తింపును ఆఫ్ చేసి, మందాన్ని చేత్తో నింపి, ఫ్రేమింగ్ వాడండి. లేజర్ హెడ్ బొమ్మ చుట్టూ కాల్చకుండా తిరిగి హద్దు చూపుతుంది. ఒకే సైజు ముక్కలు అనేకం చెక్కవలసి ఉంటే బెడ్ మూలకు అట్టతో లంబకోణపు ఆధారం బిగించుకుని ప్రతి ముక్కనూ దానికి ఆనించడం, కెమెరా సరిగ్గా ఉన్నప్పటికన్నా వేగంగా, ఎక్కువ కచ్చితంగా సాగే పద్ధతి.

సేవా విభాగానికి రాయవలసి వస్తే “గుర్తించడం లేదు” అని మాత్రమే రాయకండి. యంత్రం నమూనా, ఫర్మ్‌వేర్, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, అట్టముక్క పరీక్ష ఫలితం, గుడ్డ కప్పినప్పుడూ కప్పనప్పుడూ తీసిన రెండు చిత్రాలు, అయిదు గుర్తుల పలకను స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో, కాలిపర్ చెప్పిన మందం, యంత్రం చెప్పిన మందం పంపండి. ఈ వివరాలు చేతిలో ఉంటే వారు మిమ్మల్ని మళ్లీ మొదటి మెట్టు నుంచి నడిపించవలసిన అవసరం ఉండదు.